తిని పరుగెత్తిన మనిషి

సంతాపసభలో ఛైర్మన్ మైకు పట్టుకుని, "నాలుగు రోజులు కటిక ఉపవాసం ఉండి, కేవలం సంకల్పబలంతో సముద్రం ఒడ్డున పరుగెత్తిన మహాతల్లి మన టీచరమ్మ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. డెంగీతో పోయిన మనిషి ఫొటోకు దండ వేసి, ఆ ఫొటో ముందే చప్పట్లు! ఆయన తర్వాత నన్ను మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదన్నాను. నా గొంతు నిక్షేపంగా ఉంది. నోరు తెరిస్తే ఎలాంటి మాటలు వస్తాయో నాకే తెలియక ఊరుకున్నాను.

కటిక ఉపవాసమట! ఆ మనిషి తిన్నంత తిండి పెళ్లి భోజనాల్లో కూడా ఎవరూ తినగా నేను చూడలేదు. అల్లూరు దగ్గర హైస్కూల్లో నేను సైన్సు చెప్పేదాన్ని, ఆమె ఆటల టీచరు. ఆమె పేరు రాయను. రాస్తే ఛైర్మన్ ఆ పేరు ముందు ఏదో ఒక బిరుదు తగిలించి సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తాడు. ఆయనకు రొయ్యల గుంటలు ఎన్ని ఉన్నాయో ఫ్లెక్సీలూ అన్నే ఉన్నాయి. స్కూలు కమిటీకి ఛైర్మన్ కాబట్టి బతికున్నవాళ్లూ ఆయన సొత్తే, పోయినవాళ్లూ ఆయన సొత్తే.

టీచరమ్మకు యాభై దాటాయి. స్టాఫ్ రూములో ఒక కుర్చీలో ఆమె, ఎదురు కుర్చీలో ఆమె పాదాలు. ఆమెది మైళ్లకు మైళ్లు పోయే పరుగు, బూట్ల ముందు భాగం బ్లేడుతో కోసేసి ఉండేది. రోజుల తరబడి పరుగెత్తేవాళ్లకు పాదాలు ఉబ్బుతాయి, వేళ్లకు చోటు కావాలి. ఆమెకు గోళ్లు నల్లబడి ఊడిపోతుండేవి. ఒకసారి ఊడిన గోరు చేతిలో పెట్టుకుని, "ఏమే సైన్సూ, నీ ల్యాబులో సీసాలో ఏసుకుంటావా?" అని నా ముందుకు చాపింది. నేను అన్నం డబ్బా మూసేశాను. తను మాత్రం అదే చేత్తో వేరుశెనగ ఉండ నోట్లో వేసుకుంది.

ఆమెకు లోకంలో చాలామందిని చూస్తే చిరాకు. పొద్దున్నే గ్రౌండులో చేతికి వాచీలు కట్టుకుని నడిచే మగవాళ్లను చూస్తే మరీ చిరాకు. "గంట నడిచేది, రోజంతా దాన్ని గురించి చెప్పేది" అనేది. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటున్నామని చెప్పే లేడీ టీచర్లను చూసి, "ఎందుకు మే మానేది? అన్నం నిన్నేమన్నా తిట్టిందా?" అని అందరిముందూ అడిగేది. నేను ఒకసారి సోమవారం నుంచి డైటింగని చెప్పి వారం రోజులు ఆమెకు కనబడకుండా తిరిగాను.

"కాళ్లు పరిగెత్తవు సైన్సూ" అనేది. "పొట్ట పరిగెత్తాది. కాళ్లు దాని ఎనకాల బోతాయి, అంతే." ఆమె సాధన అంతా పొట్టకే. గిన్నెడు అన్నం, పులుసు తిని, చెయ్యి కడుక్కుని, వెంటనే గ్రౌండు చుట్టూ పరుగు మొదలుపెట్టేది. తిన్న వెంటనే పరుగెత్తితే అరగదక్కా, నెత్తురంతా కాళ్లకు పోతుంది, కడుపుకు మిగలదు అని నా పాఠం నేను చెప్పాను. "అందుకేగదా అలవాటు జేసేది. పిల్లోళ్లకి డ్రిల్లు నేర్పినట్టు పొట్టక్కూడా నేర్పాల" అంది. మొదట్లో కక్కుకుంది. కొన్ని నెలలకు పరుగెత్తుతూనే ఇడ్లీ నమిలి మింగేది. పుస్తకాల్లో వెతికితే ఆమె చేసింది సరైనదేనని తేలింది. ఆ మాట ఆమెకు చెబితే, నీ పుస్తకం కూడా ఏమన్నా తింటుండాదా అని ఎగతాళి చేసింది.

ఇంత తిండి గొడవ ఊరికే రాలేదు. మధ్యాహ్న భోజనంలో పిల్లలకు ఉడికించిన గుడ్డు ఇస్తారు. మగపిల్లలు అక్కడే మింగేస్తారు. ఆడపిల్లలు కొందరు దాన్ని చున్నీ కొంగులో మూటకట్టి ఇంటికి తీసుకుపోతారు. ఎవరికంటే తమ్ముడికి! ఆ తమ్ముడు అదే స్కూల్లో ఆరో తరగతిలో అప్పుడే ఒక గుడ్డు తిని ఉంటాడు. టీచరమ్మ ఆ పిల్లలను వరసగా నిలబెట్టి, తన కళ్లముందే తినిపించేది. "నమిలి మింగు మే. నోరు దెరిచి చూపిచ్చు. ఇప్పుడు బో." పిల్లలకు ఆమె అంటే హడల్.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా గాలిలా పోయేది. జోనల్ పోటీల్లో అందరికంటే ముందు పరుగెడుతూ ట్రాకు మీదే కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. టీచరమ్మ ఆ పిల్ల ఇంటికి వెళ్లి తల్లిని నిలదీసింది. నేనూ వెంట ఉన్నాను. ఆ తల్లి చాలా మర్యాదగా, "ఆడబిడ్డికి ఎక్కువ తినేది అలవాటు జెయ్యకూడదు మేడం. రేపు అత్తగారింట్లో ఎవురు పెడతారు?" అంది. ఆ పిల్లను పరుగు మాన్పించి కుట్టుమిషనుకు పంపారు. ఆ రోజు తిరిగివచ్చి బస్టాండులో దిగగానే టీచరమ్మ, "చెప్తే ఇనరు. చూపిచ్చాల" అంది.

చూపించడమంటే ఇదీ ఆమె ఆలోచన. కృష్ణపట్నం దగ్గర మొదలుపెట్టి, మైపాడు, అల్లూరు మీదుగా కావలి తీరం దాకా పరుగెత్తి, మళ్లీ వెనక్కి మైపాడుకు రావాలి. నాలుగు రోజులు. ప్రతి ఊళ్లో ఆగి, ఎవరి ఇంటి అరుగు మీదనో కూర్చుని, నలుగురు ఆడవాళ్ల కళ్లెదుట కడుపునిండా తినాలి. తిని, లేచి, మళ్లీ పరుగెత్తాలి. "ఇంతదూరం పరిగెత్తేది చూసి అయ్యో అంటారు. నాగ్గావాల్సింది అది గాదు. ఇంత తినింది, అయినా పడిపోలేదే, తింటేనేగదా పొయ్యింది అని ఆ తల్లులు అనుకోవాల" అంది. అంతకుమించి ఆమెకు మరో కోరిక లేదు. సెలవుల్లో నేను ఊరూరా తిరిగి, తెలిసినవాళ్ల ఇళ్లలో చేపల పులుసు అన్నం చెప్పివచ్చాను.

మా ఆయనకు పరుపుల వ్యాపారం. ఆయన ట్రాలీ ఆటో మా వంటబండి అయింది. అందులో చద్దన్నం, ఉడికించిన గెనుసుగడ్డలు, వేరుశెనగ ఉండలు, ఊరమిరపకాయలు, నిమ్మకాయలు, ఒక డబ్బా ఉప్పు, మా ఇంటి ఎముకల షేర్వా ఫ్లాస్కు నిండా. షేర్వా అంటే ఆమెకు ప్రాణం. రెండో రోజుకల్లా తీపి చూస్తేనే డోకొస్తుంది, అప్పుడు ఉప్పటి వేడి నీళ్లే దిక్కు అని ముందే చెప్పి ఉంచింది.

మొదటి రోజు అనుకున్నట్టే జరిగింది. పోర్టు రోడ్డులో లారీల దుమ్ములో టీ బంకు ముందు నిలబడి ఇడ్లీలు తిని, రెండు చేతిలో పట్టుకుని బయలుదేరింది. ఎండ ముదిరితే నీడలో పడుకుంది, దిగాక లేచింది. మైపాడులో ఒక అరుగు మీద చేపల పులుసు అన్నం రెండోసారి పెట్టించుకుని తింటుంటే, చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒక ముసలామె బుగ్గన వేలు పెట్టుకుంది.

"ఇంత తిని ఎట్టా పరిగెత్తావమ్మా?"

"తినకుంటే ఎట్టా పరిగెత్తాలవ్వా?"

ఆడవాళ్లు పకపక నవ్వారు. టీచరమ్మ ముఖం అంత వెలుగుతుండగా నేను ఇరవై ఏళ్లలో చూడలేదు. లేచి పరుగు మొదలుపెడితే గుంపులోని ఆడపిల్లలు ఊరి చివరిదాకా వెంట పరుగెత్తారు.

ఆ సాయంత్రమే ఛైర్మన్‌కు ఈ సంగతి తెలిసింది. తన స్కూలు టీచరు పరుగెత్తుతుంటే తన ఫొటో లేకుండా ఎలా? రెండో రోజు పొద్దున మైకు కట్టిన ఆటోతో దిగాడు. ఊరికే పరుగెత్తుతోందంటే జనం రారని ఆయన తెలివి. అందుకని మైకులో ఏం చెప్పించాడంటే, తీరానికి తుఫాన్లు రాకుండా, రొయ్యలకు రోగాలు రాకుండా, టీచరమ్మ అమ్మవారికి మొక్కుకుని దీక్షగా పరుగెత్తుతోందని! అబద్ధానికి కూడా ఒక హద్దుండాలి. ఆ మాట సెల్‌ఫోన్లలో మాకంటే ముందే ఊళ్లకు చేరింది.

తర్వాతి ఊరికి వెళ్లేసరికి రోడ్డుకు రెండు వైపులా ఆడవాళ్లు పసుపునీళ్ల బిందెలతో నిలబడి ఉన్నారు. మొక్కుతో నడిచివచ్చేవాళ్ల పాదాల మీద నీళ్లు పోయడం మా వైపు ఆనవాయితీ. బిందె తర్వాత బిందె పోశారు. రోజుల తరబడి పరుగెత్తే మనిషి బూట్లలో నీళ్లు పోయడమంటే ఏమిటో వాళ్లకేం తెలుసు? నానిన చర్మం రుద్దుకుపోయి పొరలు పొరలుగా లేస్తుంది. నేను చెప్పివచ్చిన ఇంటికి పులుసు కోసం పరుగెత్తాను. ఆ ఇల్లాలు చేపల దాక మీద మూత పెట్టేసి, చెంపలు వేసుకుంది.

"మొక్కులో ఉండే మనిషికి నీచు పెట్టమంటావా మేడం? ఉప్పు గూడా తగలకూడదంట. మాకు పాపం చుట్టుకోదూ?"

ఉప్పులేని పెసరపప్పు, పరమాన్నం, పానకం, కొబ్బరినీళ్లు, మజ్జిగ. ఊరూరా అదే. తినమనడం కూడా తక్కువే, తాగమనడం ఎక్కువ. నేను ట్రాలీలోంచి ఉప్పు నిమ్మరసం తెచ్చి అందిస్తే, ఎవరో ఒకరు ఆ గ్లాసు పక్కన పెట్టించి చెంబుతో పానకం పట్టేవారు. ఛైర్మన్ మనుషులు మా ట్రాలీని భక్తుల వెనకాల రమ్మని గెంటారు.

ఇంతకీ ఆమె ఏం చేసింది? అదే నాకు ఒళ్లు మండే సంగతి. ఒకప్పుడు ఛైర్మన్‌నే స్టాఫ్ రూములో నిలబెట్టి కడిగిపారేసిన నోరు, ఈ ఆడవాళ్ల ముందు పెగల్లేదు. మధ్యాహ్నం చెట్టు కింద పడుకున్నప్పుడు నేను చెడామడా తిట్టాను. మొక్కు లేదని ఒక్క మాట చెప్పి చావొచ్చు కదా అన్నాను.

"పొద్దన్నించీ ఎండలో నిలబడుండారు మే. బిందె మోసుకోనొచ్చుండారు. వొద్దని ఎట్టా జెప్పేది?" అంది. ఆ తర్వాత నా వైపు చూడకుండా, "నా కాళ్లకి ఎవురూ ఎప్పుడూ మొక్కలేదు సైన్సూ" అంది. చూడండి, ఎవరి మర్యాదకూ లొంగని మనిషి, చెంబెడు పసుపునీళ్లకు పడిపోయింది. నాకు జాలి వేయాల్సింది, కోపమే వచ్చింది.

మూడో రోజు ఎండ ఎక్కుతుండగా, ఉప్పు మడుల పక్క రోడ్డు మీద ఆమె ఆగిపోయింది. రెండు వైపులా తెల్లగా ఉప్పు కుప్పలు. చేతివేళ్లు ఉబ్బి లావెక్కాయి. ముంజేతికి ఎప్పుడూ వదులుగా ఆడే రాగి కడియం మాంసంలో దిగబడి ఉంది. వాంతి చేసుకుంది. నా వైపు చూసి, "ఇంటర్వెల్ గంట కొట్టినారా?" అంది. చెమటలో ఉప్పంతా పోయింది, లోపలికి పోసిందంతా ఉత్తనీళ్లు. నెత్తురులో ఉప్పు పలచబడితే నీళ్లు కణాల్లోకి చొరబడి ఒళ్లు వాస్తుంది, ఒంటితోపాటు మెదడూ వాస్తుంది. నీళ్లు చాలక కాదు, ఎక్కువై మనిషి పోయేది ఇలాగే.

నాకు అర్థమైంది ఇదీ. జనానికి ఏం అర్థమైందంటే, పూనకం వచ్చిందని! "అమ్మోరు పలకతాండాది" అని ఎవరో కేక పెట్టారు. కర్పూరం వెలిగించారు. వేపమండలు తెచ్చారు. ఛైర్మన్ చొక్కా విప్పి, కండువా నడుముకు చుట్టుకుని, ఆమె ముందు వంగి నిలబడ్డాడు.

"తల్లీ, ఈ పంటకన్నా రొయ్యలకి తెల్లమచ్చల రోగం పోద్దా? వాక్కియ్యి తల్లీ!"

ఆమె అతణ్ని ఎగాదిగా చూసి, "గోడకుర్చీ ఎయ్" అంది.

నవ్వు రావలసిన చోట ఎవరూ నవ్వలేదు. గుంటల చుట్టూ గోడ కట్టించమని అమ్మవారి ఆన అని ఛైర్మన్ పక్కనున్నవాడు తాత్పర్యం చెప్పాడు. ఛైర్మన్ లెంపలు వేసుకున్నాడు. ఒకామె బిందె ఎత్తి ఆమె నెత్తిన పోయబోయింది, ఇంకొకామె పానకం చెంబు నోటికి ఆనించింది. నేను ఆ చెంబు లాగి రోడ్డు మీద పారబోశాను.

"ఇది పూనకం కాదు, ఉప్పు తక్కువై మెదడు వాచింది! ఇంకో చెంబు తాగిస్తే మీ అమ్మవారు ఇక్కడే చచ్చిపోతుంది!"

"నువ్వెవురమ్మా మజ్జెన? మా మొక్కుల సంగతి నీకేం దెలుసు?" అని ఒకాయన మీదికి వచ్చాడు.

"మొక్కుల సంగతి నాకు తెలీదు. మూత్రపిండాల సంగతి తెలుసు. జరుగు!"

మా ఆయన జీవితంలో మొదటిసారి హారన్ మీద చెయ్యి తీయకుండా, జనాన్ని చీల్చుకుంటూ ట్రాలీ తెచ్చి మా పక్కన ఆపాడు. నేను ఫ్లాస్కు మూత తీసి, షేర్వాలో ఇంకో చెంచాడు ఉప్పు కలిపాను. ఆ వాసన తగలగానే టీచరమ్మ తల తిప్పింది. రెండు చేతులతో గిన్నె లాక్కుని, గటగటా తాగి, మీసం తుడుచుకున్నట్టు పైపెదవి తుడుచుకుంది. మళ్లీ పొయ్యమన్నట్టు గిన్నె చాపింది. ఇంకోసారి పోశాను.

"నీచు తాగింది" అన్నారెవరో. ఆ మాట గుంపంతా పాకింది. ముందు కర్పూరం ఆరిపోయింది, తర్వాత మైకు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, బిందెలు చంకనెత్తుకుని వెళ్లిపోయారు. ఛైర్మన్ చొక్కా తొడుక్కుని కారెక్కాడు. ఒక మనిషి బతుకుతుందా చస్తుందా అని అడిగినవాళ్లు వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు లేరు. ఛీ.

పక్క ఊరి నర్సమ్మను తీసుకొచ్చి చూపించాను. వాంతులు మళ్లీ మొదలైతే ఆసుపత్రే అని ఆమె గట్టిగా చెప్పింది. మొదలుకాలేదు. టీచరమ్మ ట్రాలీలో పరుపుల మధ్య పడుకుని, ఊరమిరపకాయలు నంజుకుంటూ అన్నం తింది. నీళ్లు మాత్రం నేను ఇవ్వలేదు. ఎన్నోసార్లు ఒంటేలుకు లేచింది, ఎక్కువైన నీళ్లు అలా పోయాయి. సాయంత్రానికి నన్ను గుర్తుపట్టి, సైన్సూ అని పిలిచి, తలనొప్పిగా ఉందని విసుక్కుంది. ఇంటికి పోదాం అన్నాను.

"రేప్పొద్దన ఈ కడెం చేతికి ఒదులైతే పోతా. కాకుంటే నువ్వు చెప్పినట్టే ఇంటికి" అంది.

పొద్దున చెయ్యెత్తితే కడియం మోచేతి వైపు జారింది. నానిపోయిన పాదాలను ఎండకు ఆరబెట్టి, పొక్కుల మీద మా ఆయన కొత్త దూది పరిచి గుడ్డపట్టీలు చుట్టాడు. కావలి దాకా వెళ్లే ఓపిక లేదు, అక్కడినుంచే వెనక్కి మైపాడుకు బయలుదేరింది. పరుగనడానికి లేదు, కుంటడం, నడవడం, మధ్యలో కాస్త పరుగు. కానీ తిండి మాత్రం అనుకున్నట్టే తింది. ప్రతి ఊళ్లో బస్ షెల్టరులో బాసింపట్టు వేసుకుని, హోటల్లో కొన్న చేపల పులుసు కలుపుకుని, కావాలనే పెద్ద పెద్ద ముద్దలు చేసి తింది. దారిలో పోయే ఆడవాళ్లను పిలిచి, "చూడమ్మా, తింటుండా" అని కూడా అంది.

ఎవరూ చూడలేదు. నిన్న పాదాలు కడిగిన ఆడవాళ్లే ముఖం తిప్పుకున్నారు. కొందరు బయట ఆడుకుంటున్న ఆడపిల్లలను లోపలికి పిలిచి తలుపులు వేశారు. ఒక తలుపు సందులోంచి ఒక పిల్ల తొంగిచూసింది, వెనకనుంచి ఎవరో జడ పట్టి లాగారు.

ఊళ్లవాళ్లు తర్వాత మెల్లిగా ఆ షేర్వా సంగతి మర్చిపోయారు. ఛైర్మన్ చెప్పిన ఉపవాసం సంగతి మాత్రం మర్చిపోలేదు. మనవాళ్లకు ఆడది తినకుండా చేసిన పని ఏదైనా బాగా గుర్తుంటుంది.

మైపాడు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఛైర్మన్ వేయిస్తానన్న షామియానా లేదు, గుంజలు పాతిన గుంటలు ఇసుకలో అలాగే ఉన్నాయి. పడవలు ఒడ్డుకు లాగుతున్నవాళ్లు మమ్మల్ని చూసి మళ్లీ తమ పనిలో పడ్డారు. టీచరమ్మ నీళ్లకు కాస్త ఇవతల ఇసుకలో చతికిలబడింది. ట్రాలీలో మిగిలిన గెనుసుగడ్డలు తెచ్చి ఇచ్చాను. ఒకటి సగం తిని, చేతిలో పెట్టుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్లలో ఆమె కన్నీళ్లు చూడ్డం అదే మొదటిసారి. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఉపాసముండానంటే ఊరంతా ఒచ్చినారు సైన్సూ. తింటుండానంటే ఒక్కరు రాలా."

"నేను చూశాను కదక్కా" అన్నాను.

ఆమె ముక్కు చీదుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు చూస్తే ఏం లాబం మే? నీకిద్దరూ మగబిడ్లేగదా."

ఆ మాటకు జవాబుగా ఇప్పుడు ఇది రాస్తున్నాను. కూతుళ్లున్నవాళ్లు చదువుతారని రాస్తున్నాను. జనం ఆమె చేత ఉపవాసం చేయించిన రోజు ఆమె పడిపోయింది. తిన్న రోజు లేచి పరుగెత్తింది.